'రవాణా' అనే మాట చాటున

మిరప కోతల కాలం వచ్చిందంటే చత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల నుంచి గిరిజన కూలీలు భద్రాచలం, ఖమ్మం ప్రాంతాల చేలకు తరలివస్తారు. 2005లో సల్వాజుడుం అలజడి మొదలైన తరువాత ఊళ్లు విడిచి వచ్చి, ఇటువైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలూ ఈ కూలి పనులకు వెళుతుంటారు. వీరందరినీ 'మానవ అక్రమ రవాణా' బాధితులు అనవచ్చునా? అనరాదు. తన ఇష్టంతో వచ్చి, కూలి అందుకొని, తలచినప్పుడు ఇంటికి వెళ్లగలిగినవాడు వలస కూలీ మాత్రమే.

మరి ఆ పదం ఎవరికి వర్తిస్తుంది? 'రవాణా' అన్న మాటే మనల్ని పొరబాటులో పడవేస్తున్నది. లారీలో కుక్కి, రాత్రివేళ సరిహద్దు దాటించడమే నేరమని మనం భావిస్తాము. చట్టం దూరాన్ని కొలవదు. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పాలెర్మో ఒడంబడిక మూడు అంశాలు చూడమన్నది. మనిషిని పనికి కుదర్చడం, తరలించడం, దాచి ఉంచడం లేదా స్వీకరించడం మొదటిది. అందుకు బలాన్నో, మోసాన్నో, అతని నిస్సహాయతనో వాడుకోవడం రెండవది. దోపిడీ చేయాలన్న ఉద్దేశం మూడవది. పిల్లల విషయంలో రెండవది లేకున్నా నేరమే. మన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం, బాధితుడు 'ఒప్పుకొనే వచ్చాడు' అన్న వాదన చెల్లదు.

కనుక మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తెచ్చి, ఆధార్ కార్డు తన వద్ద ఉంచుకొని, 'బాకీ తీరేదాకా కదలరాదు' అన్నాడంటే దానిని కూలి తగాదాగా కొట్టివేయరాదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ, వెట్టినీ కలిపే నిషేధించింది. స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవానికీ, పని చేయించుకొని కూలి ఎగవేసినవానికీ ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలోని ఒకే హదీసు తెలుపుతున్నది.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను బావి నుంచి తీసిన బాటసారులు స్వల్ప ధరకు అమ్మివేశారు. కొన్న ఇంటివారు ఆదరంగానే చూశారు. అయినా అమ్మకం అమ్మకమే. 'పనిపిల్లను మా బిడ్డలాగే చూసుకుంటున్నాము' అనే మన ఇళ్లు ఈ సంగతి మరువరాదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. అంతకు పైబడిన అమ్మాయి విషయంలోనైనా అడగవలసినవి ఉన్నాయి. ఆమెను తెచ్చింది ఎవరు? జీతం ఎవరి చేతికి పోతున్నది? తల్లితో చివరిసారి ఎప్పుడు మాట్లాడింది? జవాబు తడబడితే, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉన్నది. పొరుగింటి విషయమని ఊరుకోవడం మనకు తగదు.