తవ్వకు గిద్ద తక్కువ

పాఠాంతరం అంటే ఏమిటో క్లాసులో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఒకే పద్యం నాలుగు తాళపత్ర ప్రతుల్లో నాలుగు రకాలుగా కనిపిస్తే, ఏది కవి రాసింది, ఎక్కడ లేఖకుడి గంటం జారింది అని తేల్చడం మా వృత్తి మరి. "తొందరపడి ఏ ప్రతినీ పారేయకండి. అది పోయాక అందులో ఏముందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు" అని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అటువంటి నేను మొన్న వేసవిలో ఒక్క మీట నొక్కి మా అమ్మ ఆవకాయను తుడిచిపెట్టేశాను.

జాడీలో ఆవకాయ కాదు లెండి, చీటీలో ఆవకాయ.

మా అమ్మకు ఒక నోటుబుక్కు ఉండేది. ఊరగాయల పాళ్ళు, పసిపిల్లల జలుబుకు కషాయాలు, ఏ ఇంట పెళ్ళికి ఎంత చదివించిందీ అన్నీ అందులోనే. ఎం.ఏ. చదివే రోజుల్లో, 2001లో కాబోలు, దానిలో కొన్ని పుటలు నేను చీటీల మీదికి ఎత్తి రాసుకున్నాను. వంట మీద మోజుతో కాదు, మాండలిక పదాల కోసం. అమ్మ పోయాక నోటుబుక్కును అక్క విశాఖపట్నం పట్టుకుపోయింది. "నాకొకసారి చూపించకుండానే?" అన్నాను. "ఆడపిల్లకు అమ్మ పుస్తకం దక్కకూడదా?" అంది. మాట మాట పెరిగింది. ఆ తరువాత మూడేళ్ళు మాకు పండుగపూట ఫోనులే మిగిలాయి. అవీ ముక్తసరిగా.

మా మధ్య రాయబారానికి దిగినవాడు అక్క కొడుకు. బెంగుళూరులో ఉద్యోగం. వాడు నాకూ, వాళ్ళమ్మకూ చెరొక టిడ్లీవికీ పెట్టిచ్చాడు. ఇదేమి పేరురా అంటే, "టిడ్లర్ అంటే ఇంగ్లీషులో చిన్న చేపపిల్ల, మావయ్యా. ఇందులో ఒక్కొక్క చీటీ పేరూ అదే. జెరిమీ రస్టన్ అనే ఆయన 2004లో తయారుచేశాడు. మొత్తం వికీ అంతా ఒకే ఒక్క ఫైలు" అన్నాడు. ఒక చీటీలో ఒక్క సంగతే రాయాలిట. చీటీల మధ్య దారులు వేసుకోవచ్చు. ఒకరి ఫైలులోని చీటీని పట్టి లాగి మరొకరి ఫైలులో పడేయవచ్చు.

వికీ అనగానే నాకు వికీపీడియాయే స్ఫురించింది. వాడు నవ్వాడు. వికీపీడియా 2001లో వచ్చింది కాని, వికీ అంతకు ముందే ఉందిట. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా దేశస్థుడు 1995లో మొదటిది పెట్టాడు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే 'వికీ వికీ' బస్సు చూసి ఆ పేరు పెట్టాడుట. హవాయీ భాషలో ఆ మాటకు 'త్వరత్వరగా' అని అర్థం. వికీపీడియాలో ఒక విషయానికి ఒకటే పుట. అందరూ కలిసి దానినే దిద్దాలి, అచ్చయిన ఆధారం చూపాలి. అక్కడ ఆవకాయకు చోటుంది గాని మా అమ్మ ఆవకాయకు ఎక్కడుంటుంది? దానికి సాక్ష్యం పలకగలవాళ్ళం అక్కా నేనూ ఇద్దరమే, ఆ ఇద్దరికీ మాటలు లేవు.

సరే, వేసవి సెలవుల్లో నా చీటీలన్నీ ఓపికగా ఎక్కించాను. అక్క కూడా తన నోటుబుక్కు చూసి ఎక్కించిందిట. వాడు ఆ ఫైలు నాకు పంపాడు. ఉత్సాహంగా అక్క చీటీలన్నీ లాగి నా వికీలో పడేశాను. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. బ్యాంకు కాగితాల మీద చిన్న అక్షరాలు చదివేవాణ్ణయితే దానినీ చదివి ఉండేవాణ్ణి. 'దిగుమతి' అన్నచోట నొక్కి, ఆ ఊపులోనే భద్రపరిచేశాను.

ఆ హెచ్చరిక చెప్పినదేమిటంటే, 'ఆవకాయ' అనే పేరుతో నీ దగ్గర ఇదివరకే ఒక చీటీ ఉంది, కొత్తది వస్తే పాతది పోతుంది అని. పోయింది. నేను రాసింది: ముక్కలు రెండు మానికలకు ఉప్పు తవ్వ. ఇప్పుడు దాని స్థానంలో ఉన్నది: ఉప్పు తవ్వకు గిద్ద తక్కువ. ఈ కొలతలు ఎరగని పిల్లలకోసం చెబుతున్నాను: నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ. అంటే ఎనిమిదో వంతు ఉప్పు ఎగిరిపోయింది. దానితోపాటు అంచున నేను రాసుకున్న మాటల వివరణలూ పోయాయి. అసలు కాగితపు చీటీలో? ఎక్కించడం పూర్తయిందిగదా అని ఆ ముందువారమే పాతకాగితాలవాడికి వేసేశాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది.

నన్ను కాపాడింది నా జాగ్రత్త కాదు, నా బద్ధకం. ఈ టిడ్లీవికీని భద్రపరిచినప్పుడల్లా నా కంప్యూటరు పాత ఫైలును దిద్దదు; పేరు చివర ఒక అంకె తగిలించి కొత్త ఫైలొకటి దింపుతుంది. డౌన్‌లోడ్ల సంచిలో అటువంటివి ముప్ఫైకి పైగా పోగుపడి ఉన్నాయి, ఒక్కటీ తుడవలేదు. చివరిదానికి ముందు ఫైలు తెరిస్తే నా ఆవకాయ చెక్కుచెదరకుండా ఉంది.

ప్రాణం కుదుటపడ్డాక కోపం వచ్చింది. అక్కకు ఫోను చేశాను.

"అక్కా, అమ్మ రాసింది తవ్వ. నువ్వు గిద్ద ఎందుకు తగ్గించావు?"

"ఒరేయ్, అమ్మ రాతను నేను మారుస్తానా?" అని పెట్టేసింది.

పది నిమిషాల్లో ఆ పుట ఫోటో వచ్చింది. అమ్మ చేతిరాతే. పాత మాట మీద గట్టిగా కొట్టివేత. కింద ఏముందో ఆనవాలు లేదు. పైన వేరే సిరాతో 'గిద్ద తక్కువ' అనీ, అంచున 'సన్న సాల్టు' అనీ ఉంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ముందు రోజుల్లో అమ్మ రాళ్ళ ఉప్పు దంచి వేసేది. తరువాత ప్యాకెట్లలో సన్న ఉప్పు రావడం మొదలైంది. సన్న ఉప్పు తవ్వలో బిగువుగా కూర్చుంటుంది, తూకం ఎక్కువ తూగుతుంది. అందుకని గిద్ద తగ్గించింది. రెండూ అమ్మ పాఠాలే. కొట్టివేతకు ముందున్న పాఠం ఇక ఈ లోకంలో నా చీటీలో తప్ప మరెక్కడా లేదు.

మళ్ళీ ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. "నీ దగ్గర పాతది ఉందన్నమాట. నాకు పంపు" అంది.

సి.పి. బ్రౌను దొర (1798–1884) కూడా ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పోల్చి చూపించాడని ఏటా పాఠం చెబుతాను. మా ఇంట్లో ప్రతులు రెండే. అయినా ఆ పని చేయడానికి మూడేళ్ళు పట్టింది.

మేనల్లుడి సలహా మీద ఇప్పుడు రెండు చీటీలు చేశాం: 'ఆవకాయ – తమ్ముడి ప్రతి', 'ఆవకాయ – అక్క ప్రతి'. ఒకదానినుంచి మరొకదానికి దారి ఉంది. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో తెలిసేలా ఇద్దరి పేర్లూ పెట్టించాడు. కన్నింగ్‌హామే 2011లో ఇదే పద్ధతికి ఫెడరేటెడ్ వికీ అని మరొకటి మొదలుపెట్టాడుట. అందులో ఎవరి తోట వారిది. పొరుగు పుట నచ్చితే మన తోటలోకి నకలు తెచ్చుకుని దిద్దుకోవచ్చు. అది ఎవరి దగ్గరనుంచి వచ్చిందో, ఎక్కడ ఏమి మారిందో వెంటే వస్తుంది. మా తాళపత్ర లేఖకులు కూడా చివర తమ పేరూ, రాసిన తేదీ వేసేవారు. ఏ మాట మార్చారో మాత్రం చెప్పేవారు కారు, అక్కడే మా ఉద్యోగాలు నిలబడ్డాయి.

ఈమధ్య కషాయాల చీటీలు కూడా వస్తున్నాయి. అక్క నా చీటీలలో రెండు తప్పులు పట్టింది, నేను ఆమెవి ఒకటి. పండుగ కాకపోయినా ఫోను మోగుతోంది.

మొన్న సెలవుకు ఇంటికి వెళ్ళిన మేనల్లుడు అమ్మమ్మ ఇత్తడి తవ్వతో రెండు రకాల ఉప్పూ కొలిచి త్రాసులో వేశాడుట. దంచిన రాళ్ళ ఉప్పు తవ్వా, సన్న ఉప్పు తవ్వకు గిద్ద తక్కువా ఇంచుమించు ఒకటే తూగాయి. దానితో మూడో చీటీ పుట్టింది: 'ఆవకాయ – బెంగుళూరు ప్రతి', అన్నీ గ్రాముల్లో. చూడగానే అక్క ఫోను చేసింది.

"వీడు కారం సగానికి సగం తగ్గించాడేమిట్రా?"

"వాడి పేరు కింద ఉందిగా అక్కా, వాణ్ణే అడుగు" అన్నాను.