అమ్మ వాచీని తూకానికి వేశాను

పోయిన వారం మా అత్తగారు బీరువాలోంచి చిన్న వెల్వెట్ పెట్టె తీసి నా చేతిలో పెట్టారు. "ఇది నడిచి పాతికేళ్లు దాటిందమ్మాయ్. పిల్లకి గాజులు చేయిస్తున్నావుగా, ఆ బంగారంలో దీన్నీ కలిపేయ్" అన్నారు. తెరిచి చూస్తే బొటనవేలి గోరంత డయల్ ఉన్న స్విస్ వాచీ. పెళ్లికి వాళ్ల నాన్నగారు పెట్టినది.

కలపనని చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. నా కారణం నాకుంది.

పన్నెండేళ్ల కిందట ఇల్లు కడుతున్న రోజుల్లో, స్లాబుకి డబ్బు చాలక, మా అమ్మ వాచీ అమ్మాను. కొట్టులో ఆయన వెనక మూత ఊడదీశాడు. అద్దం తీసి పక్కన పెట్టాడు. లోపలి మిషను పట్టకారుతో బయటికి లాగి, ఖాళీ బంగారు కేసును మాత్రం త్రాసులో వేశాడు. మూడు గ్రాముల చిల్లర. "ఇరవై రెండు కాదమ్మా, పద్దెనిమిది క్యారెట్లే" అని దానికీ తగ్గించాడు. మిషను కాగితంలో పొట్లం కట్టి "ఇది మాకు పనికిరాదు, మీరే తీసుకెళ్లండి" అన్నాడు. ఆ పొట్లం ఇప్పటికీ నా కుట్టు డబ్బాలో ఉంది. పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే అమ్మ కీ ఇచ్చిన మిషను అది.

పనికిరాదన్న ఆ వస్తువు ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. అలాంటి వాచీలో సన్నని స్ప్రింగు, దాని బలంతో తిరిగే పళ్ల చక్రాలు, గంటకి సాధారణంగా 18,000 సార్లు అటూ ఇటూ కొట్టుకునే బాలెన్స్ చక్రం ఉంటాయి. ఇరుసులు అరిగిపోకుండా చిన్న కెంపులు బిగిస్తారు. డయల్ మీద '17 జ్యువెల్స్' అని రాసేది వాటి గురించే. కృత్రిమ కెంపులే, అమ్మితే ఏమీ రాదు. కానీ మగవాళ్ల వాచీలో పట్టే పనితనమంతా ఇంత చిన్న చోట ఇమిడ్చారు. జేగర్ లెకూల్ట్ర్ కంపెనీ 1929లో ఆడవాళ్ల వాచీ కోసం చేసిన 'కాలిబర్ 101' మిషను బరువు ఒక్క గ్రాము. భాగాలు వందలోపే. ఎలిజబెత్ రాణి 1953లో తన పట్టాభిషేకానికి పెట్టుకున్నది ఆ మిషనున్న వాచీయే.

అసలు చేతి గడియారం మొదట ఆడవాళ్లదే. 1868లో పటెక్ ఫిలిప్ వారు హంగరీ దేశపు కౌంటెస్ ఒకావిడ కోసం ఒకటి చేశారు. మగవాళ్లు జేబు గడియారాలే వాడుతూ, చేతికి కట్టుకోవడం ఆడవాళ్ల సింగారమనుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జేబులోంచి తీసి చూసే తీరిక లేకపోయాక గానీ వాళ్లకి దాని విలువ తెలిసిరాలేదు.

ఇప్పుడు సంగతి తిరగబడింది. పాత వాచీలు సేకరించేవాళ్లు ఎక్కువగా కారు రేసులవీ, ఈత కొట్టేవాళ్లవీ అయిన పెద్ద స్టీలు వాచీల వెంట పడుతున్నారు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లకి పోయింది. అదీ స్టీలుదే. దాన్ని కొనిచ్చింది ఆయన భార్య; కారు జాగ్రత్తగా నడపమని వెనకాల చెక్కించి మరీ ఇచ్చిందట. ఇక ఫంక్షన్లకి పెట్టుకునే పల్చటి డ్రెస్ వాచీలని అడిగేవాళ్లు తక్కువ. వాటిలోనూ ఆడవాళ్లవైతే మరీ చులకన. బంగారం ధర పెరిగినప్పుడల్లా కొన్ని మూసలోకి వెళ్లిపోతాయి.

దాచుకుంటే లక్షలొస్తాయని నేను చెప్పడం లేదు. ఎక్కువ వాటికి రావు. కొన్ని బంగారు పూత వాచీలు. మూత మీద '20 మైక్రాన్స్' అని ఉంటే పూత అన్నట్టు, లోపల '18కె' అనో '0.750' అనో ఉంటే బంగారమన్నట్టు. విడి భాగాలు దొరకడం కష్టం, బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. "నడవని వాచీకి ఇంత ఖర్చా?" అని మావారు అడిగింది తప్పు కాదు. డబ్బు నిజంగా అవసరమై అమ్ముకున్నవాళ్లనీ నేను తప్పుపట్టను, నేనూ అమ్మినదాన్నే. కానీ త్రాసులో వేసేముందు ఒక్కసారి, కళ్లకి భూతద్దం పెట్టుకుని పనిచేసే వాచీ మెకానిక్కి చూపించండి. కీ బిగుసుకుంటే బలవంతంగా తిప్పకండి. చాలాసార్లు లోపలి నూనె ఎండిపోవడమే జబ్బు.

అత్తగారి వాచీకీ అదే జబ్బు. శుభ్రం చేసి నూనె వేయించడానికి నాలుగు రోజులు పట్టింది. తెచ్చి ఇస్తే ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పిల్ల గాజులో?" అన్నారు.

"కాస్త సన్నగా చేయిద్దాం అత్తయ్యా" అన్నాను.