పాత లారీకి చిక్కటి ఆయిలు మందు కాదు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, దాచేపల్లి, మాచర్ల క్వారీల దారుల్లో, నరసరావుపేట పత్తి, మిరప లోడ్ల వద్ద తిరిగే లారీల్లో పాత బండ్లకు కొదవ లేదు. చేతులు మారి మారి మూడో యజమాని దగ్గరో నాలుగో యజమాని దగ్గరో రోజులు వెళ్లదీస్తున్న బండ్లవి. ఒక్కో లారీ మీద యజమాని, డ్రైవరు, క్లీనరు కుటుంబాలు మూడు ఆధారపడి ఉంటాయి. ఇంజను ఆగితే మూడిళ్లలోనూ పొయ్యి వెలగడం కష్టమవుతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు.

ఇలాంటి బండి కాస్త నీలం పొగ గొట్టినా, ఆయిలు తాగినా, ప్రెషరు మీటరు ముల్లు కిందికి దిగినా చాలా షెడ్లలో వినిపించే సలహా ఒక్కటే. 'ఇంకొంచెం చిక్కటి ఆయిలు పోయించు' అంటారు. నలభై నంబరు వాడేవారు యాభైకి పోతారు. దానితోనూ పొగ ఆగకపోతే గేరు ఆయిలు కలిపేవారూ లేకపోలేదు. నాలుగు రోజులు పొగ తగ్గుతుంది. ముల్లు పైకి లేస్తుంది. రోగం కుదిరిందని యజమాని ఊరట చెందుతాడు. నిజానికి రోగం లోపలే ఉంది, దాని గుర్తులు మాత్రమే కనబడకుండా పోయాయి. తీరా ఇంజను బోరుకు వచ్చి, క్రాంకు షాఫ్టు కూడా గీతలు పడ్డాక విజయవాడ ఆటోనగర్‌కు పరుగెత్తితే ఆ బిల్లు కట్టడానికి కొత్త అప్పు చేయక తప్పదు.

అంకెలు చెప్పేదేమిటి?

ఆయిలు డబ్బా మీద 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. ఎస్.ఎ.ఇ. అనే అమెరికా ఇంజనీర్ల సంఘం 1911లో మొదలుపెట్టిన వర్గీకరణ నుంచి వచ్చిన అంకెలివి. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. చివరి అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలుకు మిగిలే చిక్కదనాన్ని చెబుతుంది. ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉంటే అది 40. అక్కడి నుంచి 21.9 లోపు ఉంటే 50.

20డబ్ల్యూ ఆయిలును చలికి పరీక్షించేది సున్నాకు 15 డిగ్రీల దిగువన, 15డబ్ల్యూను 20 డిగ్రీల దిగువన. పల్నాడులో అంతటి చలి ఎన్నడూ రాదు. కాబట్టి ఇక్కడి లారీకి ముఖ్యంగా చూడవలసింది చివరి అంకె. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, పాతకాలపు ఒట్టి 40, ఈ మూడూ ఇంజను వేడెక్కాక ఒకే తరగతి. తేడా తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టినప్పుడు తెలుస్తుంది. రాత్రంతా నిలబడిన బండిలో ఒట్టి 40 మందంగా కదులుతుంది. 15డబ్ల్యూ-40 త్వరగా పైకెక్కి రాకర్లకు అందుతుంది. ఆయిలు సరిగా అందని ఆ మొదటి క్షణాల్లో ఇంజను ఎక్కువగా అరుగుతుంది.

రెండంకెల ఆయిలు వేడెక్కితే చిక్కబడుతుందన్న అపోహ కూడా ఉంది. ఏ ఆయిలైనా వేడికి పలచబడేదే. రెండంకెల ఆయిలు తక్కువగా పలచబడుతుంది, అంతే.

రెంటచింతల ఎండ మాటేమిటి?

వేసవి వస్తే రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసే ఊళ్ల వరసలో రెంటచింతల పేరు వినబడడం మామూలే. అంత ఎండలో నలభై నంబరు నీళ్లయిపోదా అని డ్రైవర్ల సందేహం. సందేహం సహజమే. అయితే ఆయిలు పనిచేసేది బయటి ఎండలో కాదు, ఇంజను లోపలి వేడిలో. బయట 30 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా థర్మోస్టాటు, రేడియేటరు కలిసి ఇంజను వేడిని దాదాపు ఒకే మట్టంలో ఉంచడానికి పాటుపడతాయి. ఆయిలును 100 డిగ్రీల వద్ద కొలవడంలోని అర్థం కూడా అదే. ఎండాకాలంలో బండి మరీ కాగుతున్నదంటే ముందు చూడవలసింది దుమ్ముతో పూడిన రేడియేటరును, సడలిన ఫ్యాను బెల్టును. వాటిని వదిలేసి ఆయిలు మార్చడం వల్ల ఒరిగేది లేదు.

ప్రెషరు ముల్లు సంగతి కూడా ఇలాంటిదే. పొలంలో మోటారు పైపు చివర అరచెయ్యి అడ్డం పెడితే పైపులో ఒత్తిడి పెరుగుతుంది. అంతమాత్రాన చేనుకు పారే నీరు పెరగదు. చిక్కటి ఆయిలు కూడా అంతే. సన్నటి దారుల్లో అది బరువుగా కదులుతుంది కనుక ముల్లు లేస్తుంది. బేరింగులకు అందే ఆయిలు మాత్రం తగ్గవచ్చు. బేరింగులను కాపాడేది, వాటి వేడిని తీసుకుపోయేది పారే ఆయిలే. పైగా ఆ బరువును లాగడానికి డీజిలు కూడా కొంత ఎక్కువ కాలుతుంది.

అనుభవజ్ఞులైన మేస్త్రీల వాదనను కొట్టిపారేయనక్కరలేదు. అరిగిన ఇంజనులో సందులు పెరుగుతాయని, వాటిని చిక్కటి ఆయిలు కొంత కాస్తుందని వారు చెప్పేది వాస్తవమే. వేడి మీద, స్లోలో ఉన్నప్పుడు ప్రెషరు కంపెనీ పుస్తకం చెప్పిన హద్దు కంటే దిగిపోతే, కంప్రెషను చూసిన తరువాత, ఒక్క మెట్టు పైకి 20డబ్ల్యూ-50కి వెళ్లడంలో తప్పు లేదు. అయితే అది మరమ్మతుకు డబ్బు సమకూరేదాకా గడుపుకొనే ఉపాయమే తప్ప మరమ్మతు కాదు. గేరు ఆయిలు కలపడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. దాని పని వేరు, అందులో కలిపే రసాయనాలు వేరు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ-30 ఖరీదైనది కదా, మంచిదై ఉంటుందని పాత లారీకి పోస్తే ముల్లు పడిపోతుంది, రింగుల పక్క నుంచి ఆయిలు పైకి పోయి కాలుతుంది. ఖరీదు చూసి కాదు, ఇంజనును చూసి ఆయిలు కొనాలి.

అంకెతో పని తీరదు

చిక్కదనం ఒకటి, నాణ్యత మరొకటి. డబ్బా మీద సి.ఎఫ్-4, సి.హెచ్-4, సి.ఐ-4 అనే అక్షరాలు నాణ్యతను చెబుతాయి. మొదటి 'సి' డీజిలు ఇంజనుకు గుర్తు. పుస్తకంలో సి.ఎఫ్-4 అని ఉన్న పాత ఇంజనుకు తరువాతి తరగతి సి.హెచ్-4 మామూలుగా పనికి వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్-6 లారీలకు పొగ వడపోత పూడకుండా వేరే రకం ఆయిలు కావాలి. పాతదీ కొత్తదీ రెండూ ఉన్న యజమాని ఒకే డ్రమ్ము కొని రెండింటికీ పోస్తే కొత్త బండికి ముప్పు.

పల్నాడులో ఆయిలుకు అసలు శత్రువు దుమ్ము. బట్టీల దగ్గర, క్వారీ బాటల్లో లేచే ధూళి లోపలికి పోతే ఏ నంబరు ఆయిలైనా బోరును కాపాడలేదు. పాత లారీల్లో గాలిని వడపోసే గిన్నెలోనూ ఆయిలు ఉంటుంది. ఆ గిన్నె అడుగున బురద పేరుకున్నా పట్టించుకోని డ్రైవర్లు ఎందరో. అద్దంకి-నార్కెట్‌పల్లి రహదారి మీద తిరిగే బండికీ, రోజంతా క్వారీలోనే తిరిగే బండికీ ఆయిలు గడువు ఒక్కటి కాదు. రెండోదానికి ముందుగానే మార్చాలి, ఫిల్టరు కూడా మార్చాలి. తగ్గినప్పుడల్లా పైపైన పోసుకుంటూ పోతే అడుగున మసి అలాగే ఉంటుంది.

విడిగా అమ్మే ఆయిలుతో మరో చిక్కు ఉంది. సీలు లేని డబ్బాలో ఉన్నది నలభయ్యో, కాల్చిన ఆయిలును వడగట్టిందో కంటికి తెలియదు. రెండు వేళ్ల మధ్య రాసి చూస్తే చిక్కదనం తేలదు. సీలు ఉన్న డబ్బా, బిల్లు ఈ రెండే యజమానికి రక్ష.

చేతులు మారిన బండికి కంపెనీ పుస్తకం మిగలడం అరుదు. చాలామంది చెప్పుడు మాటల మీద ఆధారపడడానికి కారణం ఇదే. లారీ యజమానుల సంఘాలు ఇక్కడ చేయదగిన పని ఉంది. టాటా, లేలాండు డీలర్ల నుంచి వివరాలు తెప్పించి, ఈ ప్రాంతంలో తిరిగే పాత ఇంజన్లకు ఏ అంకె, ఏ తరగతి, ఎన్ని లీటర్లు, వేడి మీద ప్రెషరు ఎంత ఉండాలి అన్నది తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చు వేయించి ప్రతి షెడ్డులో అంటించవచ్చు. ఖర్చు స్వల్పం. విడి ఆయిలు అమ్మకాలపై అధికారులు తనిఖీలు జరిపితే మరింత మేలు.

పొగ కనబడగానే డబ్బా మార్చడం కాదు, పొగ ఎందుకు వస్తున్నదో చూపించుకోవాలి. బోరు పని ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. క్రాంకు కూడా పోయాక చేయించుకోవడానికి ఆ లారీ చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు.