అప్‌డేట్ ఏ సంవత్సరం దాకా?



ఈ సంచికను మొత్తంగా చేతిలోని ఫోనుకే ఇచ్చాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పాఠకులకు ఈ గాడ్జెట్ల ముచ్చట ఎందుకని మా బల్ల దగ్గరే ఒక మాట వచ్చింది. కానీ 2025లో భారత పత్తి సంస్థ (సీసీఐ), తనకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోమంది. ఇక ఫోను షోకు ఎట్లా అవుతుంది? రైతుకు అదీ తక్కెడ లాంటి పనిముట్టే.

అందుకే మా రచయితలు మెగాపిక్సెళ్ల దగ్గర ఆగలేదు. పెట్టిన డబ్బుకు ఫోను ఎన్నేళ్లు నమ్మకంగా పనిచేస్తుందన్నదే వాళ్లందరి పట్టుదల. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24తో సామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. సంతోషమే. కానీ అవి ఖరీదైన ఫోన్లు. పదివేల రూపాయల ఫోన్లలో చాలావాటికి ఆ హామీ లేదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాక కూడా యూపీఐ నడిచేది వాటిలోనే. మా దృష్టిలో అసలు అన్యాయం ఇది.

ధరల సంగతి వేరే చెప్పాలా? 2020 ఏప్రిల్‌లో ఫోన్లపై జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. అదే ఏడాది ఐఫోన్ 12 డబ్బాలోంచి చార్జర్ మాయమైంది, పర్యావరణం కోసమట!

ఈసారి కొనేముందు దుకాణంలో ధరతో పాటు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అడగండి. వచ్చిన జవాబు మాకు రాయండి.