ఆర్కియాను బాక్టీరియాలో చేర్చవచ్చునా?

సూక్ష్మదర్శినిలో రెండు జీవకణములను ప్రక్కప్రక్కన నుంచి చూచితిమనుకొందము. రెండును కడ్డీవలె సన్ననివి. రెండును కంటికి ఆననంత చిన్నవి. రెండింటను కేంద్రకము లేదు. చూచినవాడు ఆ రెండింటిని ఒకే జాతిగా లెక్కించుట సహజమే. శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే లెక్కించిరి. 1969లో విట్టేకర్ ప్రతిపాదించిన అయిదు రాజ్యముల విభజనలో కేంద్రకము లేని ప్రాణులన్నియు మొనేరా అను ఒకే రాజ్యమున చేరినవి. నేటికిని పెక్కు పాఠ్యగ్రంథములలో ఆర్కియాకు ‘ఆర్కీబాక్టీరియా’ అను పేరుతో ఆ రాజ్యముననే ఒక మూల చోటు దొరకుచున్నది. ఇది విద్యార్థులను తప్పుదారి పట్టించు పద్ధతియని మా అభిప్రాయము.

పరాయి ప్రాంతమున తెలుగు మాట చెవిని బడినచో మన పెద్దలు ముందుగా ఇంటిపేరు అడుగుదురు. కట్టుబొట్టులు ఉన్న ఊరినిబట్టి మారును. ఇంటిపేరు అంత త్వరగా మారదు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున కార్ల్ వోస్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవుల విషయమున చేసినది ఇట్టి పనియే. ప్రతి జీవకణమునందును ప్రోటీనులను తయారుచేయు రైబోసోములు కలవు. వానిలోని ఆర్.ఎన్.ఏ. తరతరములకు మిక్కిలి మెల్లగా మారును. వోస్ ఆకారమును ప్రక్కకు పెట్టి, ఆ ఆర్.ఎన్.ఏ. ముక్కలలోని వరుసను ఒక జీవితో మరియొక జీవికి పోల్చి చూచెను. 1977లో జార్జి ఫాక్సుతో కలిసి ఫలితమును ప్రకటించెను. మీథేన్ వాయువును పుట్టించు సూక్ష్మజీవులకు మనతో ఎంత దూరపు చుట్టరికమో, బాక్టీరియాతోను అంత దూరపు చుట్టరికమే యని తేలెను!

ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీన న్యూయార్కు టైమ్సు పత్రిక ఈ వార్తను మొదటి పుటలోనే అచ్చువేసినది. కాని శాస్త్రలోకము సంతోషింపలేదు. వోస్‌తో కలిసి పనిచేసిన రాల్ఫ్ వుల్ఫ్‌నకు నోబెల్ బహుమానము పొందిన సాల్వడార్ లూరియా టెలిఫోను చేసి, ఈ వ్యవహారమునుండి తొలగిపొమ్మని హెచ్చరించెనట. పెద్దపేరు గలవారు పొరబడరాదను నియమము శాస్త్రమున లేదు గదా!

క్రమముగా సాక్ష్యములు పోగైనవి. బాక్టీరియా కణమునకు గోడ కట్టు పెప్టిడోగ్లైకాన్ అను పదార్థము ఆర్కియాలో లేదు. కణమును చుట్టియున్న పొరలోని క్రొవ్వు అణువుల కూర్పు వేరు. జన్యువులను చదివి ఆర్.ఎన్.ఏ.ను తయారుచేయు యంత్రాంగము బాక్టీరియా దానికంటె మన కణములలోని దానినే ఎక్కువగా పోలియున్నది. 1990లో వోస్, కాండ్లర్, వీలిస్ అను మువ్వురు కలిసి జీవలోకమును మూడు మహాశాఖలుగా విభజించి, ఆర్కియా పేరునుండి ‘బాక్టీరియా’ అను తోకను బుద్ధిపూర్వకముగా తొలగించిరి. వారు తొలగించిన తోకను పాఠ్యగ్రంథములు మరల తగిలించుట ఏల? (హేలోబాక్టీరియము వంటి పాతపేర్లు మాత్రము ఇంకను నిలిచియున్నవి. పెట్టిన పేరు మార్చుట ఎవరికైనను కష్టమే.)

మరియొక లోపమును కలదు. ఆర్కియా యనగానే మరుగు నీటి ఊటలు, ఉప్పుమళ్లు అని వల్లించుట అలవాటైపోయినది. అవి అబద్ధములు కావు. సముద్రగర్భపు వేడి ఊటలలోని యొక జాతి 122 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలోను పెరుగగలదు. ఎండకు చిక్కబడిన ఉప్పుమడిలోని నీరు ఎఱ్ఱబారుటకు ఈ జీవులు ఒక కారణము. అయితే చల్లని సముద్రజలములలోను, పొలపు మట్టిలోను, మన ప్రేవులలోను ఇవి కలవు. ఆవు నెమరువేయుచు త్రేన్చునపుడు వెలువడు మీథేన్ ఇవి పుట్టించినదే. గోబర్‌గ్యాస్ తొట్టిలో బాక్టీరియా పేడను కుళ్లబెట్టినను, తుదకు పొయ్యి వెలిగించు వాయువును తయారుచేయునవి ఆర్కియాలే. పెరటిలోని ప్రాణిని వింతజంతువువలె వర్ణించి ఊరకొనుట న్యాయము కాదు.

పరీక్షలకు అయిదు రాజ్యములు చాలును, తక్కినది కళాశాలలో నేర్చుకొనవచ్చునని కొందరు తలిదండ్రులు అనవచ్చును. పరీక్షలో పుస్తకమునందలి సమాధానమే వ్రాయవలసియుండుట మేమెరుగుదుము. అయినను నల్లబల్లపై అయిదు గడులు గీచిన పిమ్మట ఉపాధ్యాయులు పది నిమిషములు వెచ్చించి ఆర్కియా కథ చెప్పుట అసాధ్యము కాదు. ఎందుకనగా ఈ కథలో మన పుట్టుపూర్వోత్తరములు కూడ ఇమిడియున్నవి. 2015లో స్వీడనులోని ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎట్టెమా బృందము, గ్రీన్లాండునకు నార్వేకు నడుమ సముద్రపుటడుగు బురదలో ఒక ఆర్కియా జన్యువులను కనుగొన్నది. మనవంటి కణములకే సొంతమని తలచిన ప్రోటీనులు కొన్నింటికి మూలములు వానిలో కనబడినవి. ఇట్టి యొక ఆర్కియా ఒక బాక్టీరియాను తనలో చేర్చుకొనుటవలన కేంద్రకము గల కణము పుట్టినదని నేడు పలువురి నమ్మకము. అట్లైనచో జీవవృక్షమునకు మూలశాఖలు మూడు కావు, రెండే. ఆ వాదము ఇంకను నడచుచున్నది.

ఆ తెగకు చెందిన ప్రాణిని తొలిసారి ప్రయోగశాలలో పెంచినవారు జపాను శాస్త్రజ్ఞులు. సముద్రపుటడుగునుండి తీసిన బురదతో పండ్రెండేండ్లు ఓపికతో శ్రమించి, 2020లో దాని చిత్రములను ప్రకటించిరి. అది ఒకటి రెండగుటకు 14 నుండి 25 దినములు పట్టును. దాని దేహమునుండి కొమ్మలుగా చీలిన పొడవైన చేతులవంటివి బయలుదేరియున్నవి. కేంద్రకము మాత్రము లేదు.