నేరేడు గింజ మనదే, గోలీ మన హక్కే

మిరుగం పడ్డదంటే మా వనపర్తి అంగట్ల నేరేడు పండ్ల గంపలు దిగుతయి. గంప ముందర కూసున్నది మన వాడ ఆడమనిషో, నల్లమల దిక్కు నుంచి వచ్చిన చెంచు తల్లో అయివుంటది. పండు తిన్నోళ్ళు గింజ ఉమ్మేసి పోతరు. అదే గింజను ఎండబెట్టి, దంచి, డబ్బాల పోసి, "షుగరుకు రామబాణం" అని చీటీ అంటించి వందల రూపాయలకు అమ్ముకునేటోడు వేరే వున్నడు. ఆ డబ్బా నమ్మి మా పెద్దమ్మ కాలు పోగొట్టుకున్నది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

పెద్దమ్మ బతుకంతా పల్లికాయ తెంపిన కూలి. సర్కారు దవాఖానల షుగరని చెప్పి గోలీలిచ్చిన్రు. మైకు పెట్టుకొని ఊరికొచ్చిన ఒకడు "గోలీలు బంద్ చెయ్, మూడు నెలలు ఈ పొడి తాగు" అన్నడు. ఆమె తాగింది. అరికాలుకు తుమ్మ ముల్లు దిగితే నొప్పి తెల్వలే. పుండు ముదిరి పాదం తీసేసిన్రు. సైన్సు పాఠం చెప్పే నేను అదే ఇంట్ల వుండి, "అవ్వా, గోలీ ఎందుకు మానినవ్?" అని ఒక్కసారి అడగలే. తప్పు నాది కూడా.

మరి పండుల ఏమీ లేదా? వున్నది. నేరేడుకు ఆ ఊదా రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు, ఆ వగరునిచ్చేవి టానిన్లు. గింజల జాంబోలిన్ అనే పదార్థం వున్నదని చెప్తరు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో గింజ పొడితో చక్కెర తగ్గింది. కానీ మనుషుల మీద జరిగిన పరీక్షలు తక్కువ, చిన్నవి. బ్రెజిల్‌లో నేరేడు ఆకు చాయ్ తాగించి చూస్తే చక్కెర తగ్గలేదని 2006లో తేల్చిన్రు. ఏ డబ్బాల ఎంత సరుకు వున్నదో, ఏ మనిషికి ఎంత సరిపోతదో కొలిచినోడు లేడు. కొలత లేనిది మందు ఎట్లయితది?

ఆపిల్ చెట్టు కథ వినుండ్రి. 1835లో దాని బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థం తీసిన్రు. అది ఒంట్ల చక్కెరను మూత్రంల బయటికి పంపుతదని తర్వాత తెలిసింది. కానీ నోట్లో వేసుకుంటే పేగులల్లనే విరిగిపోతది. దాన్ని మార్చి మార్చి డాపాగ్లిఫ్లోజిన్ అనే గోలీ చేసి, అమెరికాలో 2014లో అనుమతిచ్చిన్రు. పెద్దమ్మ మానేసిన మెట్‌ఫార్మిన్ కూడా ఒక మొక్క దారిలనే వచ్చింది. గలేగా అనే ఆ మొక్కలోని సరుకు విషపుది. దాన్ని పోలిన, ప్రమాదం తక్కువున్న మందును తయారు చేసి, 1957లో పారిస్‌ల రోగులకు ఇచ్చి చూసిన ఫలితం ప్రకటించిన్రు. అంటే గోలీ కూడా చెట్టు బిడ్డనే. కాకపోతే తూకం వేసిన బిడ్డ. "గోలీ ఇంగ్లీషుది, పొడి మనది" అనేటోడు మన అభిమానంతోటి బ్యారం చేస్తున్నడు.

అసలు ఆ తెలివి ఎవరిది? కాకర, నేరేడు, వంకాయ కలిపిన మిశ్రమానికి 1999లో అమెరికాల పేటెంట్ ఇచ్చిన్రు. అడవిల ఏరినోళ్ళకు, తరతరాలు వాడి చూసినోళ్ళకు దక్కింది గంప మోసిన కూలి. మన దగ్గర ఏరుకపోయి, మనకే డబ్బాల అమ్ముడు ఏం న్యాయం?

షుగరు దొరల రోగమనే మాట పాతబడ్డది. దేశంల 10 కోట్ల మందికి పైగా షుగరున్నదని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. మన నడిగడ్డల జొన్న చేన్లు పోయి పత్తి విత్తనాల చేన్లు వచ్చినయి. రేషన్ బియ్యం మన ఆకలి తీర్చింది, కాదనను. కానీ మూడు పూటలా తెల్లన్నం, నీళ్ళ చారు అయితే ఒళ్ళు ఏమైతది? జొన్న, కొర్ర, పప్పు కూడా అదే రేషన్ దుకాణంల అడగాలె.

అన్నలారా, అక్కలారా! నేరేడు పండ్లు గుప్పెడు తినుండ్రి, జామకాయ తినుండ్రి. పిండిన రసం వద్దు, పండే తినాలె. కొల్లాపూర్ మామిడి, సీతాఫలం తీపి ఎక్కువ, చెయ్యి కట్టేసుకోవాలె. పొడి తాగుతున్నోళ్ళు ఆ మాట డాక్టరుకు చెప్పాలె. గోలీ, పొడి కలిసి చక్కెర మరీ పడిపోతే చెమటలు పడ్తయి, వణుకు వస్తది. అప్పుడు వెంటనే చక్కెర తినాలె. పరగడుపున రక్త పరీక్ష 126 లేదా అంతకన్న ఎక్కువొస్తే ఇంకోసారి చేయించి తేల్చుకోవాలె. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలె. డాక్టరు చెప్పకుండ గోలీ మానొద్దు.

సంఘం కార్యకర్తలకు ఒక మాట. ప్రతి వాడల షుగరున్నోళ్ళ పేర్లు రాసుకోండి. గోలీలు అయిపోయినయని దవాఖానల అంటే, ఎన్నడొస్తయో కాగితం మీద రాసిమ్మనండి. గ్రామసభల అదే కాగితం చదవండి. గద్వాల, నాగర్‌కర్నూల్, వనపర్తి వేరే వేరే జిల్లాలై 2016 నుంచి కలెక్టరు ఆఫీసులు దగ్గరికొచ్చినయి. గోలీ కూడా దగ్గరికి రావాలె గదా!

పెద్దమ్మ ఇప్పుడు కట్టె పట్టుకొని నడుస్తది. మైకు బండి చప్పుడైతే చాలు, వాడ నడిమికొచ్చి నిలబడి తన కాలు చూపిస్తది. అంతకన్న పెద్ద పాఠం నా బడిల లేదు.