విప్పక ముందే పేరు పెట్టుడి



ఈ నెల ఒక పాత కారును గూర్చి వ్రాయుచున్నాను. పాస్టరుగారికి కారు సంగతులెందుకని కొందరు నవ్వుకొందురేమో. మన సంఘములలో ఎక్కువ ఇండ్లకు కారే లేదు. ఉన్నవారిదియు ఈ మధ్య కొన్నదే. అయినను దేవరుప్పుల మండలములోని ఒక విశ్వాసుల ఇంట 1974 నాటి అంబాసిడర్ కారు విషయమై అన్నదమ్ముల మధ్య మాటలు నిలిచిపోయినవి. వారి అనుమతి తీసుకొని, పేర్లు చెప్పకుండ, జరిగినది మీ ముందుంచుచున్నాను.

ఆ ఇంటి పెద్దాయన యౌవనములో పరుల టాక్సీ నడిపి, కూడబెట్టిన సొమ్ముతో ఈ బండిని మొదటి యజమాని వద్ద కొనుక్కొన్నాడు. అంబాసిడర్‌ను గూర్చి పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రము రెండు మాటలు. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు నమూనాపై బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర నుండి దీనిని తయారుచేసిరి. 2014 మే నెలలో ఆ కర్మాగారములో పని ఆగిపోయినది. మంత్రులు, కలెక్టర్లు, పెండ్లికొడుకులు, రోగులు అందరూ ఎక్కిన బండి అది.

అప్పటి అంబాసిడర్‌కు కంపెనీవారు ఏసీ పెట్టి ఇవ్వలేదు. 1990లలో పెద్దాయన హైదరాబాదులో ఒక దుకాణమువారిచేత డ్యాష్‌బోర్డు కింద వేలాడు ఏసీ పెట్టె బిగింపించుకొన్నాడు. కొన్ని సంవత్సరములు అది చల్లగా పనిచేసినది. తరువాత చల్లదనము పోయినది, ఫ్యాను గరగరమన్నది, ఎడమ ప్రక్క కూర్చున్నవారి పాదములపై నీరు కారుట మొదలైనది. ఇప్పుడు చిన్నకుమారునికి ఒక ఆలోచన కలిగినది. డ్యాష్‌బోర్డు రేకును కోసి, క్రొత్త బండిలోని ఏసీని అందులో ఇమిడ్చి, పెండ్లిండ్లకు కిరాయికి తిప్పవలెనని. పెద్దకుమారుడు ఉన్నదున్నట్లు అమ్మివేయవలెనన్నాడు. తండ్రి రెండింటికిని ఒప్పుకొనలేదు. చిన్నవాడు నా యొద్దకు వచ్చి, "ఒక్కసారి ఇప్పి చూద్దమంటే బాపు ఒప్పుకుంటలేడు అయ్యగారూ, మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. పెద్దాయన నడిగితే, "ఇప్పుడు ఎవ్వడైనా ఇప్పుతడు. మళ్ల పెట్టేటోడేడి?" అన్నాడు. నాకు ఆ ముసలాయన ప్రశ్నే న్యాయముగా తోచినది.

సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయము చదివినవారు తక్కువ. పేర్లు, లెక్కలు ఉండునని త్రిప్పివేయుదుము. అయితే విప్పుటను గూర్చి అంత వివరముగా వ్రాసిన అధ్యాయము మరియొకటి లేదు. ఇశ్రాయేలీయులు బయలుదేరిన ప్రతిసారి ప్రత్యక్ష గుడారమును విప్పవలెను, దిగినచోట మరల నిలువబెట్టవలెను. 48 పలకలు, 100 వెండి దిమ్మలు, అడ్డకర్రలు, స్తంభములు, మేకులు, త్రాళ్లు. గెర్షోను కుమారులకు తెరలు, మెరారి కుమారులకు పలకలు, మేకులు. మెరారీయులు మోయవలసిన ప్రతి వస్తువును పేరు చొప్పున లెక్కించి అప్పగించవలెనని 32వ వచనములో ఆజ్ఞ ఉన్నది. ఒక మేకుకు కూడ పేరు! ఎడారిలో ఒక మేకు పోయినచో తెచ్చియిచ్చు అంగడి లేదు గదా. 1974 బండి డ్యాష్‌బోర్డు మర కూడ అటువంటిదే. జనగామలో దొరకదు, హైదరాబాదులో పాతసామాను కొట్ల వెంట తిరిగినను దొరకునను నమ్మకము లేదు.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన తలయూపి, "కోసుడు లేదంటే ఇప్పుండ్రి" అన్నాడు. అంతవరకు ఒప్పందము కుదిరినది. పాత బండ్ల పని తెలిసిన ఒక మేస్త్రీని పిలిపించిరి. రెండు శనివారములు పని జరిగినది. అటువంటి బండి గలవారికి ఉపయోగపడునని అతడు చేసిన విధము కొంత వివరముగా వ్రాయుచున్నాను.

మొదట బ్యాటరీ. బాడీకి తగిలించిన తీగను ముందుగా తీసినాడు. ఇప్పటి బండ్లలో అది మైనస్ తీగ. అయితే ఇంగ్లాండు నమూనాల పాత బండ్లు కొన్నింటిలో ప్లస్ తీగయే బాడీకి కలిసియుండును గనుక రంగు చూచి కాదు, తీగ ఎక్కడికి పోవుచున్నదో చూచి తీయవలెను. తరువాత అతడు పానా ముట్టలేదు. ఫోనుతో ప్రతి మూలను ఫోటోలు తీయించినాడు. తెల్లని ప్లాస్టరు ముక్కలు చింపి, ప్రతి తీగకును రెండు కొనలయందు ఒకే అంకె వ్రాసి అంటించినాడు. పాత తీగల రంగులు ఎండకు వెలిసి అన్నియు ఒకే మట్టిరంగులో నుండును, రంగును నమ్ముకొన్నవాడు సాయంకాలమునకు ఏడ్చును. మరల కొరకు ఖాళీ మందు డబ్బాలు తెచ్చి, ఎడమవైపువి, కుడివైపువి, మీటరువి, ఏసీవి అని పేర్లు వ్రాయమని చిన్నవానికి చెప్పినాడు. పొడుగు మర ఉన్న రంధ్రములో పొట్టిది పెట్టినచో పట్టు చాలదు. పొట్టిదాని చోట పొడుగుది పెట్టినచో వెనుకనున్న తీగను పొడుచును. ఆ చిన్న తప్పుతో నిప్పు పుట్టిన బండ్లున్నవని మేస్త్రీ చెప్పినాడు.

స్పీడు మీటరును ముందుకు లాగకూడదు. దాని వెనుక కేబులు ఉండును. చేయి దూర్చి చుట్టుమరను వ్రేళ్లతో తిప్పి వదులుచేసినాడు. కొన్ని పాత బండ్లలో ఆయిలు ఒత్తిడి మీటరుకు సన్నని గొట్టములో ఇంజను ఆయిలే వచ్చుచుండును. దానిని విప్పువారు కింద గుడ్డ పరచుకొనవలెను, లేనియెడల సీటు, చాప రెండును పాడగును.

ఇక ఏసీ పెట్టె. అసలు జాగ్రత్త ఇక్కడనే. చిన్నవాడు స్పానరు తీసికొని పైపు నట్టు మీద పెట్టబోగా మేస్త్రీ అతని చేయి పట్టుకొన్నాడు. ఆ కాలపు కారు ఏసీలలో ఆర్-12 అను గ్యాసు ఉండెడిది. ఎండకాలపు వేడికి నిలిపియున్న బండిలో కూడ ఆ పైపులలో ఒత్తిడి లారీ టైరులోని గాలికి తక్కువ కాదు. బయటికి వచ్చిన క్షణములో అది సున్నకు 30 డిగ్రీల దిగువ చల్లదనముతో మరుగును. కంటికి తగిలినచో చూపు పోవచ్చును, చేతికి తగిలినచో చర్మము కాలినట్లే బొబ్బలెక్కును. మంటకు తగిలితే విషవాయువగును గనుక ప్రక్కన బీడీ కూడ ఉండకూడదు. దానికి రంగు లేదు, చెప్పుకోదగిన వాసన లేదు. ఆకాశములోని ఓజోను పొరను చెరుపుచున్నదని 1987లో మాంట్రియల్‌లో దేశములు ఒప్పందము చేసికొనగా మన దేశము 1992లో అందులో చేరినది. 2010 నాటికి ఇక్కడ ఆ జాతి వాయువుల వాడకము దాదాపు నిలిచిపోయినది. తరువాతి బండ్లలో ఆర్-134ఎ వచ్చినది. దీని నూనె వేరు, దాని నూనె వేరు. పాతదానిలో క్రొత్త గ్యాసు ఊరకే నింపి పంపు దుకాణములున్నవి, జాగ్రత్త.

గుడారములోని పరిశుద్ధ వస్తువులను యాజకులు కప్పువరకు కహాతీయులు దగ్గరకు రాకూడదు, ముట్టిన యెడల చత్తురని అదే అధ్యాయములో నున్నది. మందసమునకును ఏసీ పైపునకును పోలిక చెప్పుట నా ఉద్దేశము కాదు. ఒక పనిలో ఎవరి చేయి ఎక్కడ ఆగవలెనో ముందే నిర్ణయమై యుండవలెనని మాత్రము చెప్పుచున్నాను. ఆ దినము మేస్త్రీ కొలత మీటరు తగిలించి చూచినాడు. లోపల ఒత్తిడి లేదు. గ్యాసు ఎప్పుడో కారిపోయినది. అయినను కంటి అద్దములు, చేతి తొడుగులు వేసికొని, ముఖము ప్రక్కకు త్రిప్పి నట్టు వదులుచేసినాడు. గ్యాసున్న యెడల దానిని సిలిండరులోనికి తీయు యంత్రమున్న దుకాణమునకే పోవలెననియు, లేక పైపులు విప్పకుండనే పెట్టె మరలు తీసి, రబ్బరు గొట్టములు అందినంతవరకు కిందికి దించి గుడ్డమీద పెట్టుకొనవలెననియు చెప్పినాడు. విప్పిన పైపు కొనలను వెంటనే మూతలతో మూసినాడు. గుడ్డ కుక్కిన చాలదు, గాలిలోని తేమ లోనికి పోయిన యెడల మరల బిగించినప్పుడు లోపల మంచుగా గడ్డకట్టి దారి మూయును. చల్లదనము కొలుచు బిళ్లకు వెంట్రుకవలె సన్నని రాగి గొట్టముండును. దానిని మడిచినచో ఆ బిళ్ల ఇక పనికిరాదు.

పెట్టె బయటికి వచ్చినది. లోపల ఏమున్నదని అనుకొంటిరి? ఫ్యాను గూటిలో ఎలుక కట్టుకొన్న గూడు, వడ్ల పొట్టు, పల్లికాయ తొక్కలు, చినిగిన ఒక పాత కీర్తనల కాగితము. నీరు పోవు గొట్టములో కుమ్మరిపురుగు మట్టితో ఇల్లు కట్టియున్నది. పాదములపై నీరు కారుటకు కారణమదే. ఒక ఇనుపతీగతో పొడిచినంతనే దారి తెరచుకొన్నది, పైసా ఖర్చు లేదు. చల్లబరచు కాయిలు మాత్రము ఒక అతుకు దగ్గర తినివేయబడి నల్లని నూనె మరక కనబడినది. గ్యాసు పోయినది అక్కడనే.

ఇంతవరకు పని సంగతి. అన్నదమ్ముల తగవు దీనితో తీరలేదు. కిరాయి ఆలోచనను గూర్చి నేను తెలిసికొన్నది వారికి చెప్పితిని. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములకు నియమములు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పు లేక అసలు రూపములో నున్న సొంత బండిని వింటేజిగా నమోదు చేసికొనవచ్చును. నంబరులో వి.ఎ. అను అక్షరములు వచ్చును. రుసుము 20,000 రూపాయలు, పది సంవత్సరములకు చెల్లును. ఈ బండికి 2024లో 50 నిండినవి. అయితే అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా గాని కిరాయికి గాని రోడ్డుపై నడుపకూడదు. నమోదు చేయకుండ ఉంచుకొన్నను, తెల్ల నంబరు పలకతో కిరాయికి తిప్పుట చట్టమునకు విరుద్ధమే. రోమా పత్రిక పదమూడవ అధ్యాయము మీద ప్రసంగించి, ఇంటికి పోయి దొంగ కిరాయి నడుపుకొమ్మని నేను చెప్పలేను. రేకు కోసినచో వింటేజి దారియు మూసికొనిపోవును. అమ్మువానికి ధర కూడ తగ్గునని మేస్త్రీ అన్నాడు.

చిన్నవానికి ఆ మాటలు నచ్చలేదు. రెండు లక్షలు అప్పు తెచ్చి ఏసీ పెట్టించి, పెండ్లిండ్ల మీద తీర్చుకొందునని లెక్క వేసికొన్నాడు పాపము. ఉద్యోగము లేని యువకుని లెక్కను తేలికగా తీసివేయకూడదు. కిరాయికే నడుపదలచినచో పసుపు పలకతో, పర్మిటుతో నడుపదగిన బండి వేరే చూచుకొమ్మని, అందుకు వడ్డీ వ్యాపారి వద్దకు గాక బ్యాంకుకు పొమ్మని చెప్పితిని. అప్పటికి అతడు జవాబు చెప్పలేదు.

ఏసీ అను సౌఖ్యము కూడ మనము మరచిపోయినంత పాతది. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీవారు 1940 నమూనా కార్లలో మొదటిసారి దానిని కంపెనీనుండే అమ్మిరి. చల్లబరచు కాయిలు వెనుక సీటు వెనుకనుండెడిది. దానిని ఆపవలెనన్న డ్రైవరు దిగి, ఇంజను ఆపి, బెల్టు ఊడదీయవలసినదే! ఇది చెప్పగా పెద్దాయన పగలబడి నవ్వి, "మా పెట్టె నయమే" అన్నాడు. ఆ ఇంట చాల దినములకు వినబడిన నవ్వు.

రెండవ శనివారము డ్యాష్‌బోర్డు మరల బిగించిరి. ఎలుక కొరికిన తీగలు మూడు మార్చిరి. ఏసీ పెట్టెను తుడిచి, కొనలకు మూతలు వేసి, గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టిరి. కాయిలు ఈ సంవత్సరము కొనరు, ఇంటి ఆడపిల్ల నర్సింగు ఫీజు ముందున్నది. తండ్రి కిటికీ అద్దములు దించుకొని జనగామ రోడ్డు మీద కొంతదూరము పోయి వచ్చినాడు.

డబ్బాలు ఖాళీచేయునప్పుడు రెండింటిమీద కుడి, ఎడమ తారుమారుగా వ్రాసియుండుట పెద్దవాడు గమనించినాడు. తమ్ముని ఏమియు అనక, జేబులోని పెన్ను తీసి కొట్టివేసి సరిగా వ్రాసి, డబ్బాలు అతని వైపు జరిపినాడు. "మూతలు గట్టిగ పెట్టురా" అన్నాడు. "పెడుతున్న అన్నా" అన్నాడు చిన్నవాడు.